పరాశర సరస్సుకి కొల్లేటి బాబాయితో

హిమాచల్ అంటే మనవాళ్లంతా సిమ్లా, మనాలి చూసి వచ్చేస్తారు. మండీ దగ్గరున్న పరాశర సరస్సుకి వెళదామని పట్టుబట్టింది మా బాబాయి. ఆయనది కైకలూరు పక్కన కొల్లేటి ఊరు. మేముండేది బెజవాడ సింగ్‌నగర్‌లో.

ఢిల్లీ దాకా రైలు, అక్కణ్నుంచి రాత్రి బస్సు. నడుములు పట్టేశాయి, అంతకుమించి చెప్పేదేం లేదు. మండీ నుంచి కారులో సుమారు 50 కిలోమీటర్ల ఘాట్ రోడ్డు. ఎక్కేకొద్దీ చెట్లు పలచబడి, చివరికి పచ్చిక ఒక్కటే మిగిలింది. సముద్రమట్టానికి 2,730 మీటర్లు.

సరస్సు పెద్దదేం కాదు, చుట్టూ నడిచి రావచ్చు. ఒడ్డున మూడంతస్తుల చెక్క గుడి. 13వ శతాబ్దంలో మండీ రాజు బాణసేనుడు కట్టించాడంటారు. అందరూ గుడి ముందు ఫొటోలు దిగుతుంటే బాబాయి చూపంతా నీళ్లమీదున్న దీవి మీదే. అది తేలే దీవి. పైన గడ్డి, అంచుల్లో నీళ్లకి నానిన నల్లటి వేళ్లు. గాలికి చోటు మారుతుందట. మేమున్నంతసేపూ అంగుళం కదల్లేదు. అయినా ఆయన కంచె పట్టుకుని అక్కణ్నుంచి కదిలితేగా!

"కొల్లేట్లో కిక్కిస గడ్డి దుబ్బులు గాలివానకి తెగి కొట్టుకురావూ? అదేరా ఇదీ" అన్నాడు.

నిజమే. ఆ చలి నీళ్లలో చచ్చిన వేళ్లూ ఆకులూ ఓ పట్టాన కుళ్లవు. ఏళ్ల తరబడి పేరుకుని తెట్టె కడతాయి. లోపల చిక్కుకున్న గాలి, గ్యాసు దాన్ని తేలుస్తాయి. పరాశరుడు మత్స్యగంధి పడవెక్కడం, వ్యాసుడు యమునలో దీవి మీద పుట్టడం మనకి తెలిసిన కథే. ఆ ముని పేరున్న సరస్సులోనూ ఓ దీవి ఉండటం బాబాయికి తెగ నచ్చింది. "మన జాలరోళ్లకి అల్లుడి వరసరా ఈయన!"

నీళ్లలోకి ఎవరూ దిగకుండా చుట్టూ కంచె వేశారు. "చూడు, ఒక్క గట్టు లేదు" అన్నాడు ఉన్నట్టుండి. కొల్లేరుని 1999లో అభయారణ్యం చేశారు, 2002లో అంతర్జాతీయ చిత్తడి నేలల జాబితా రామ్‌సర్‌లో చేరింది, 2006లో సరస్సు లోపలి చేపల చెరువుల గట్లు కొట్టేశారు. ఆ గట్లలో బాబాయిదీ ఒకటి. తర్వాత మళ్లీ చెరువులు లేచాయి, అది వేరే సంగతి.

"ఈ నీళ్లమీద ఎవరి పొట్టా ఆధారపడి లేదు బాబాయ్, అందుకే కంచె వేయడం తేలికైంది" అన్నాను. ఔననీ అనలేదు, కాదనీ అనలేదు. కానీ గట్లని నేను మాత్రం ఎలా వెనకేసుకురాను? 2024 సెప్టెంబరులో బుడమేరు వాగుకి గండ్లు పడి మా సింగ్‌నగర్ మునిగింది. బుడమేరు వెళ్లి కలిసేది కొల్లేట్లోనే. అక్కణ్నుంచి ఉప్పుటేరు దాటితేగానీ సముద్రం రాదు. గట్లతో ఆ దారి ఎంత ఇరుకైతే నీళ్లు లాగడం అంత ఆలస్యం.

వెళ్లాలనుకునేవాళ్లు వానలు తగ్గాక, సెప్టెంబరు చివర్లోనో అక్టోబరులోనో వెళ్లండి. స్వెటరు తప్పనిసరి. బాబాయి మాత్రం, నీళ్లు గడ్డకట్టాక దీవి ఎలా ఉంటుందో చూడాలి, ఈసారి జనవరి అంటున్నాడు. మంచుకి రోడ్డు మూసేస్తే బాగీ ఊరి నుంచి ఏడెనిమిది కిలోమీటర్లు కొండ ఎక్కాలి. ఆయన మోకాళ్ల సంగతి ఆయనకెవరు చెప్పాలి!