నాలుగు జలాంతర్గాముల దేశం

పోయిన వేసవి సెలవులలో మా అక్క కొడుకును విశాఖపట్నం బీచ్ రోడ్డులోని కురుసుర సబ్‌మెరైన్ చూడటానికి తీసుకువెళ్ళాను. లోపల ఒక గది నుంచి మరో గదిలోకి వెళ్ళాలంటే గుండ్రటి కంతలో ముందు ఒక కాలు పెట్టి, తల వంచి, నడుము మడిచి దూరవలసి ఉంటుంది. వాడు మూడో కంత దగ్గర తల కొట్టుకుని, నుదురు రుద్దుకుంటూనే ఫోను తీసి నాకు ఒక పట్టిక చూపించాడు. అమెరికాకు దాదాపు 70, చైనాకు దాదాపు 60, స్వీడన్‌కు 4 అని అందులో ఉంది. "మామయ్యా, నాలుగంటే నాలుగేనా? మరి స్వీడన్ సబ్‌మెరైన్ అమెరికా విమానవాహక నౌకను ముంచేసిందని వీడియోలో చెప్పారే!" అన్నాడు. పట్టికా నిజమే, వీడియోలో చెప్పినది కూడా కొంతమేరకు నిజమే. రెండూ కలిపి చూసినప్పుడు వచ్చే గందరగోళానికి ఆ కంత దగ్గర నిలబడి జవాబు చెప్పడం నాకు సాధ్యం కాలేదు, ఎందుకంటే మా వెనుక వరుస ఆగిపోయింది.

ముందుగా ఆ నాలుగేమిటో చూద్దాం. గోట్లాండ్, హాలాండ్, ఉప్లాండ్ అనే మూడు 1990ల మధ్యలో నీటిలోకి దిగాయి. నాలుగోది 1989లో నౌకాదళంలో చేరిన సోడర్‌మన్‌లాండ్. గోట్లాండ్ పొడవు దాదాపు 60 మీటర్లు, బరువు నీట మునిగినప్పుడు దాదాపు 1,600 టన్నులు, సిబ్బంది దాదాపు ముప్పై మంది. మన కురుసుర 91 మీటర్ల పొడవుతో, డెబ్బై మందికి పైగా సిబ్బందితో దానికంటే బాగా పెద్దది. అమెరికా వర్జీనియా తరగతి జలాంతర్గామి 115 మీటర్ల పొడవుతో, 7,800 టన్నుల బరువుతో, 130 మందికి పైగా మనుషులతో తిరుగుతుంది. అదే దేశపు ఒహాయో తరగతి 170 మీటర్ల పొడవు, 18,000 టన్నుల పైచిలుకు బరువు. పైగా అమెరికా జలాంతర్గాములన్నీ అణుశక్తితో నడిచేవే, స్వీడన్‌వి డీజిల్‌తో, బ్యాటరీలతో నడిచేవి. ఒకే మాటతో పిలుస్తున్నాం కనుక రెండింటినీ ఒకే పట్టికలో వేస్తున్నాం కానీ, ఇది తెప్పనూ ఓడనూ పక్కపక్కన పెట్టి లెక్కించడం లాంటిది. తెప్ప తక్కువదని కాదు, అలల మీదుగా ఒడ్డుకు రావలసినప్పుడు ఓడ ఎందుకూ పనికిరాదు.

స్వీడన్ తన జలాంతర్గాములను నడిపేది ప్రధానంగా బాల్టిక్ సముద్రంలో. దాని సగటు లోతు దాదాపు 55 మీటర్లు మాత్రమే. వర్జీనియా తరగతి జలాంతర్గామిని అక్కడ నిలువుగా నిలబెడితే సగానికి పైగా నీటి బయటే ఉంటుంది. గోట్లాండ్‌ను నిలబెట్టినా ముక్కు పైకి కనిపిస్తుందనుకోండి, కానీ అడ్డంగా పడుకుని నేలకు ఆనుకుని పాకవలసిన చోట ఆ తేడా ప్రాణాలతో సమానం. తీరం వెంబడి వేలాది చిన్న దీవులు ఉన్నాయి, వాటి మధ్య ఇరుకు సందులలో మలుపులు తిరగడానికి వీలుగా స్వీడన్ వారు 1960ల నుంచీ తోక రెక్కలను కూడిక గుర్తులా కాక ఇంటూ గుర్తులా అమరుస్తున్నారు. అలా అమర్చిన రెక్కలు జలాంతర్గామి కొలతలను దాటి కిందికి పొడుచుకురావు కనుక, అది అడుగున కూర్చున్నా రెక్కలు విరిగే భయం లేదు.

ఆ సముద్రంలో లోతు తక్కువ కావడం ఒక ఎత్తు, నీరు పొరలు పొరలుగా ఉండటం మరో ఎత్తు. నదుల మంచినీరు పైన తేలుతుంది, డెన్మార్క్ జలసంధుల గుండా వచ్చే బరువైన ఉప్పునీరు అడుగున పరుచుకుంటుంది. ఈ రెండు పొరలు కలిసే చోట ధ్వని వంగిపోతుంది కాబట్టి, పైన తిరిగే నౌక సోనార్‌కు, అంటే చప్పుడును బట్టి వెతికే పరికరానికి, కింద దాగిన జలాంతర్గామి వినపడకపోవచ్చు. వానాకాలంలో గోదావరి, కృష్ణ, మహానది వంటి నదుల నీరు వచ్చి చేరే బంగాళాఖాతంలో కూడా ఇలాంటి పొరలు ఏర్పడతాయి, కాకపోతే మనది వేల మీటర్ల లోతున్న సముద్రం. బాల్టిక్‌లో వినడం ఎంత కష్టమో చెప్పడానికి ఒక్క ఉదాహరణ చాలు. సోవియట్ జలాంతర్గాములవేనని స్వీడన్ నౌకాదళం ఏళ్ళ తరబడి అనుమానించిన చప్పుళ్ళలో ఒక రకం, హెర్రింగ్ చేపల గుంపులు వదిలే గాలిబుడగలదని ఆ తరువాత శాస్త్రవేత్తలు తేల్చారు.

అయితే అనుమానాలన్నీ చేపలవి కావు. 1981 అక్టోబరు 27న ఒక సోవియట్ జలాంతర్గామి స్వీడన్ ప్రధాన నౌకాస్థావరమైన కార్ల్స్‌క్రోనా దగ్గరి రాళ్ళ మీదికి ఎక్కి ఇరుక్కుపోయింది. దారి తప్పామని దాని కెప్టెన్ చెప్పాడు. పది రోజుల తరువాత విడిచిపెట్టేలోగా స్వీడన్ వారు బయటి నుంచి రేడియేషన్ కొలతలు తీసి, లోపల అణ్వాయుధాలు ఉండవచ్చునని ప్రకటించారు. పక్కింటి పెద్దమనిషి మన పెరట్లో అర్ధరాత్రి దొరికిపోయినట్టున్న ఆ సంఘటన తరువాత స్వీడన్ తన జలాంతర్గాముల విషయంలో ఏమరుపాటుగా ఉండలేదు. ఆ దశాబ్దం చివరికి వారికి పన్నెండు ఉండేవి. ఇప్పటి నాలుగు ఆ సంఖ్యలో మూడో వంతన్నమాట.

ఇక గోట్లాండ్‌కు పేరు తెచ్చిన యంత్రం సంగతి. డీజిల్ ఇంజనుకు గాలి కావాలి, అందుకే కురుసుర వంటి పాత జలాంతర్గాములు బ్యాటరీలు నింపుకోవడానికి తరచుగా పైకి వచ్చి, గాలి గొట్టాన్ని నీటి మీదికి ఎత్తవలసి వచ్చేది. పట్టుబడేది సాధారణంగా అప్పుడే. గోట్లాండ్ తనతో ద్రవరూపంలో ప్రాణవాయువును తీసుకువెళుతుంది. దానితో డీజిల్‌ను ఒక మూసిన గదిలో నెమ్మదిగా మండించి, ఆ వేడిని స్టర్లింగ్ ఇంజనుకు అందిస్తుంది. ఈ ఇంజను సిలిండర్ల లోపల ఏదీ పేలదు, బయటి వేడికి లోపలి హీలియం వ్యాకోచించడం, చల్లబడి సంకోచించడం మాత్రమే జరుగుతుంది. మామూలు ఇంజనులోని టపటపలు దీనిలో ఉండవు. మంట మండే గదిలో ఒత్తిడి చాలా ఎక్కువ కాబట్టి పొగ కూడా పంపు సాయం లేకుండానే సముద్రంలోకి వెళ్ళిపోతుంది. ఇలా రెండు వారాలకు పైగా పైకి రాకుండా ఉండవచ్చు. కాకపోతే ఆ వేగం గంటకు 5 నాటికల్ మైళ్ళు. రెండు వారాలు అలా పాకితే మొత్తం దూరం 1,680 నాటికల్ మైళ్ళు. గంటకు 20 చొప్పున వెళ్ళే అణు జలాంతర్గామి అంత దూరాన్ని నాలుగు రోజులు నిండకుండానే దాటేస్తుంది, అవసరమైతే నెలల తరబడి అలాగే వెళుతుంది.

మా మేనల్లుడు చూసిన వీడియో కథ ఇక్కడ మొదలవుతుంది. అమెరికా తన చివరి డీజిల్ యుద్ధ జలాంతర్గామిని 1990లో విరమింపజేసింది, కనుక అలాంటి శత్రువుతో సాధన చేయడానికి వారి దగ్గర ఒక్కటి కూడా మిగలలేదు. అందుకని 2005లో గోట్లాండ్‌ను సిబ్బందితో సహా అద్దెకు తీసుకుని శాన్ డియాగోలో రెండేళ్ళు ఉంచుకున్నారు. ఆ విన్యాసాలలో అది రొనాల్డ్ రీగన్ అనే విమానవాహక నౌక రక్షణ వలయాన్ని దాటుకుని చేరువగా వెళ్ళి ఫొటోలు తీసిందని అప్పుడు విస్తృతంగా రాశారు. చిన్నదేమీ కాదు ఆ ఘనత. కానీ వీడియోలు చెప్పని ముక్క ఒకటి ఉంది. గోట్లాండ్ స్వీడన్ నుంచి శాన్ డియాగోకు తనంత తానుగా వెళ్ళలేదు, ఒక పెద్ద భారవాహక నౌక దానిని వీపున వేసుకుని మోసుకువెళ్ళింది. నాకు ఆ ఫొటోల కంటే ఈ ప్రయాణమే ఎక్కువ విషయం చెబుతుంది. పైగా గంటకు 30 నాటికల్ మైళ్ళకు పైగా పరుగెత్తగల నౌకను 5 మైళ్ళతో పాకేది వెంటాడి పట్టుకోలేదు, అది వచ్చే దారిలో ముందే పొంచి ఉండాలి. విన్యాసానికి హద్దులు గీసిన జలాలలో ఆ దారి ఊహించడం సులువు, పసిఫిక్ మహాసముద్రం మొత్తంలో ఊహించడం కాదు.

నిజమైన యుద్ధంలో ఏం జరుగుతుందో తెలుసుకోవాలంటే స్వీడన్ వదిలి, దక్షిణ అట్లాంటిక్ దీవుల కోసం బ్రిటన్, అర్జెంటీనా తలపడిన 1982 నాటి ఫాక్‌లాండ్స్ యుద్ధానికి వెళ్ళాలి. అప్పుడు అర్జెంటీనాకు కూడా కాగితం మీద నాలుగే జలాంతర్గాములు ఉండేవి. ఒకటి పాతబడి మూలన పడింది, ఒకటి మరమ్మతులలో ఉంది, మూడోదైన శాంటా ఫే ఏప్రిల్‌లోనే దక్షిణ జార్జియా దగ్గర బ్రిటిష్ హెలికాప్టర్ల దాడికి చిక్కింది. మిగిలింది శాన్ లూయిస్ ఒక్కటే. జర్మనీ నమూనాతో కట్టిన దాదాపు 1,200 టన్నుల ఆ జలాంతర్గామికి నాలుగు డీజిళ్ళలో ఒకటి పనిచేయలేదు, టార్పెడోలకు (నీటిలో దూసుకెళ్ళి నౌకను పేల్చే ఆయుధాలకు) గురి లెక్కించే కంప్యూటర్ పాడైంది, లెక్కలు చేత్తో వేసుకోవలసి వచ్చింది. అయినా బ్రిటిష్ నౌకాదళం దానిని పట్టుకోలేకపోయింది. తిమింగలాల మీద, అడుగున ఉన్న పాత శిథిలాల మీద కూడా ఆయుధాలు ఖర్చు చేసిందని చెబుతారు. శాన్ లూయిస్ కూడా ప్రయత్నాలు చేసింది కానీ, టార్పెడోలను నడిపించే తీగలు తెగడం వంటి లోపాల వల్ల ఒక్క నౌకను కూడా ముంచలేదు.

అదే యుద్ధంలో బ్రిటన్ అణు జలాంతర్గామి కాంకరర్ ఏప్రిల్ మొదటి వారంలో స్కాట్లాండ్ నుంచి బయలుదేరి, భూగోళం మరో కొసకు వెళ్ళి, జనరల్ బెల్‌గ్రానో అనే యుద్ధనౌకను గంటల తరబడి వెన్నాడి, మే 2న ముంచింది. 323 మంది మరణించారు. వాడిన టార్పెడోలు రెండో ప్రపంచయుద్ధం నాటి నమూనావి. ఆ తరువాత అర్జెంటీనా యుద్ధనౌకలు తీరం దాటి పెద్దగా బయటికి రాలేదు. అంటే ఒక పక్క చిన్న జలాంతర్గామి వారాల తరబడి పెద్ద నౌకాదళాన్ని నిద్రపోనివ్వలేదు, మరో పక్క పెద్ద జలాంతర్గామి ఒకే దెబ్బతో మొత్తం నౌకాదళాన్ని ఇంటికి పంపింది. చిన్న దేశాల జలాంతర్గాములను పొగిడేవారు మొదటి సగమే చెబుతారు, పెద్ద దేశాలను పొగిడేవారు రెండో సగమే చెబుతారు.

నాలుగులో ఒకటే మిగలడం అర్జెంటీనాకు మాత్రమే ప్రత్యేకం కాదు. ఏ నౌకాదళంలోనైనా మూడింటిలో ఒకటి మరమ్మతులలో, ఒకటి శిక్షణలో, ఒకటి సముద్రంలో ఉంటుందని మోటుగా ఒక లెక్క వేస్తారు. ఆ లెక్కన అమెరికాకు ఎప్పుడైనా ఇరవై దాకా బయట ఉంటే, స్వీడన్‌కు ఒకటి, మహా అయితే రెండు. ఒకటి దెబ్బతింటే సగం పోయినట్టే. నాణ్యత ఉంటే సంఖ్య అక్కరలేదనే వాదనను నేను ఒప్పుకోలేకపోవడానికి కారణం ఇదే. ఎంత నిశ్శబ్దంగా ఉన్న జలాంతర్గామి అయినా ఒకే సమయంలో రెండు చోట్ల దాగలేదు.

మరి ఇంకొన్ని కట్టుకోవచ్చు కదా అంటే, చిన్న దేశాలకు అసలు చిక్కు అక్కడే వస్తుంది. పెద్ద దేశంలో ఒక నౌక పూర్తవుతుండగానే మరొకటి మొదలవుతుంది కనుక వెల్డర్ చేయి తడబడదు (అమెరికా కూడా ఏడాదికి రెండు వర్జీనియాలు కట్టాలనుకుని అంత వేగం అందుకోలేకపోతోంది, అది వేరే కథ). స్వీడన్ గోట్లాండ్ తరగతిని 1997లో ముగించాక తిరిగి కొత్తవాటికి ఆర్డరు ఇచ్చింది 2015లో. ఈ మధ్యలో వాటిని కట్టిన కాకుమ్స్ సంస్థ 1999లో జర్మన్ల చేతికి వెళ్ళింది. కొనుగోలుదారు, యజమాని మధ్య పొత్తు కుదరక, 2014 ఏప్రిల్‌లో స్వీడన్ రక్షణ కొనుగోళ్ళ సంస్థ సిబ్బంది సైనికులను వెంటబెట్టుకుని మాల్మోలోని ఆ కర్మాగారానికి వెళ్ళి, తమ రహస్య పరికరాలను తీసుకుపోవలసినంత దూరం వచ్చింది. ఆ ఏడాదే సాబ్ సంస్థ కాకుమ్స్‌ను కొని తిరిగి స్వదేశానికి తెచ్చింది. ఏ-26 అనే పేరుతో కడుతున్న బ్లెకింగె, స్కోనె అనే రెండు కొత్త జలాంతర్గాములలో మొదటిది 2022కు రావలసింది, ఇప్పుడు 2031 అంటున్నారు. ఖర్చు మొదటి ఒప్పందంతో పోలిస్తే దాదాపు మూడింతలైంది.

ఇంతలో పరిస్థితులు కూడా మారాయి. 2022 సెప్టెంబరులో బాల్టిక్ అడుగున నార్డ్ స్ట్రీమ్ గ్యాస్ గొట్టాలు పేలిపోయాయి, ఆ తరువాత కేబుళ్ళు దెబ్బతిన్న సంఘటనలు వరుసగా వచ్చాయి. ఏ-26 ముక్కులో ఈతగాళ్ళు, చిన్న డ్రోన్లు బయటికి వెళ్ళి రావడానికి మీటరున్నర వెడల్పైన ఒక గొట్టపు ద్వారం ఉంటుంది. సముద్రపు నేల మీద పనిచేయడానికే దాన్ని పెట్టారు. 2024 మార్చి 7న స్వీడన్ నాటోలో చేరింది, కనుక ఇకమీదట దాని నాలుగింటిని జర్మనీ, నార్వే, పోలండ్‌ల వాటితో కలిపి లెక్కించడం న్యాయం. పోలండ్ కూడా తన కొత్త జలాంతర్గాముల కోసం 2025 నవంబరులో ఏ-26నే ఎంచుకుంది. అంతకుముందే జపాన్ తన సోర్యూ తరగతిలో ఇదే స్టర్లింగ్ యంత్రాన్ని లైసెన్సు మీద తయారు చేసుకుని వాడింది. కోటి జనాభా ఉన్న దేశం దగ్గర నేర్చుకోవడానికి పెద్ద దేశాలు మొహమాటపడలేదు.

ఏ-26 వచ్చేదాకా ఖాళీ పూడ్చడానికి సోడర్‌మన్‌లాండ్‌ను బాగు చేసి నడిపిస్తున్నారు. 2000ల మొదట్లో దాన్ని నడిమికి కోసి, స్టర్లింగ్ యంత్రం ఉన్న కొత్త ముక్కను మధ్యలో అతికించి, తిరిగి నీటిలోకి దించారు. దానితో పాటు పుట్టిన మూడింటిలో రెండు ఇలాగే మార్పులు చేయించుకుని సింగపూర్‌కు అమ్ముడుపోయాయి, మూడోది 2021లో విరమించింది. సింగపూర్ తన రెండింటి స్థానంలో జర్మనీ నుంచి కొత్తవి తెచ్చుకుంటోంది. సోడర్‌మన్‌లాండ్ మాత్రం ముప్పై అయిదేళ్ళు దాటినా ఇంకా ఆ నాలుగులో ఒకటిగా లెక్కలోకి వస్తోంది.