ముందు ఫార్ములా, తర్వాతే గుణకాలు

హన్మకొండలో రైల్వే గ్రూప్-డి, ఏఎల్‌పీ (అసిస్టెంట్ లోకో పైలట్) పరీక్షలకు చదువుతున్నవాళ్లకైనా, పాలిటెక్నిక్ ప్రవేశ పరీక్ష పాలిసెట్ రాయబోయే పదో తరగతి పిల్లలకైనా కెమిస్ట్రీలో తేలిగ్గా మార్కులు రావాల్సిన చోటు రసాయన సమీకరణాలు. చేతికందిన మార్కులు జారిపోయేదీ అక్కడే. పాలిసెట్‌లో 120 మార్కులకు కెమిస్ట్రీ వాటా 30. రైల్వే పరీక్షల్లో తప్పు జవాబుకు మూడో వంతు మార్కు కోత. ఉజ్జాయింపు జవాబుకు రెండు చోట్లా విలువ లేదు.

తుల్యం చేయడం, అంటే సమీకరణంలో రెండు వైపులా పరమాణువుల లెక్క సమానం చేయడం, గుణకాలతో (ఫార్ములా ముందు రాసే అంకెలతో) కుస్తీ అనుకుంటారు చాలామంది. అసలు తప్పు అంతకంటే ముందే జరుగుతుంది. అల్యూమినియం వేలన్సీ (ఇతర పరమాణువులతో కలిసే సామర్థ్యం) 3, ఆక్సిజన్ వేలన్సీ 2. వేలన్సీలను ఇటుదటు మార్చి రాస్తే అల్యూమినియం ఆక్సైడ్‌లో 2 అల్యూమినియం, 3 ఆక్సిజన్ పరమాణువులు వస్తాయి. ఆక్సిజన్ వాయువు అణువులో 2 పరమాణువులు జంటగా ఉంటాయి కాబట్టి తుల్య సమీకరణం: 4 అల్యూమినియం + 3 ఆక్సిజన్ → 2 అల్యూమినియం ఆక్సైడ్. తొందరలో ఆక్సైడ్‌ను ఒకటికి ఒకటి అని రాసుకున్నారనుకోండి, అప్పుడు కూడా 2, 1, 2 అని గుణకాలు చక్కగా కుదిరిపోతాయి. రెండు వైపులా లెక్క సరే, జవాబు మాత్రం తప్పు. లెక్క కుదిరింది కదా అని ముందుకు వెళ్లిపోవడం వల్లే ఈ తప్పు కంటికి కనపడదు.

అందుకని మొదటి వారం సమీకరణాల జోలికి పోకుండా వేలన్సీలు మాత్రమే చదవండి. హైడ్రాక్సైడ్, నైట్రేట్, అమ్మోనియం 1, సల్ఫేట్, కార్బొనేట్ 2, ఫాస్ఫేట్ 3. ఫెర్రస్ 2, ఫెర్రిక్ 3. క్యూప్రస్ 1, క్యూప్రిక్ 2. ఇనుము దగ్గర మరింత జాగ్రత్త కావాలి: సజల హైడ్రోక్లోరిక్ ఆమ్లంతో ఫెర్రస్ క్లోరైడ్ వస్తుంది, వేడి ఇనుము మీదుగా క్లోరిన్ వాయువును పంపితే ఫెర్రిక్ క్లోరైడ్ వస్తుంది. ఈ తేడా తెలియకుండా ఎంత లెక్క చేసినా వృథా.

ఫార్ములా ఒకసారి రాశాక పాదాంకాన్ని (మూలకం పక్కన కింద రాసే చిన్న అంకెను) ముట్టుకోకూడదు. హైడ్రోజన్, ఆక్సిజన్ కలిసి నీరయ్యే సమీకరణంలో కుడివైపు ఒక ఆక్సిజన్ తక్కువ పడుతుంది. నీటి ఫార్ములాలో ఆక్సిజన్ పక్కన 2 చేర్చితే లెక్క సరిపోతుంది గానీ, అప్పుడది నీరు కాదు, హైడ్రోజన్ పెరాక్సైడ్. మార్చే అధికారం ముందున్న గుణకం మీద మాత్రమే ఉంది: 2 హైడ్రోజన్ + 1 ఆక్సిజన్ → 2 నీరు.

ఏ మూలకంతో మొదలుపెట్టాలి? ఒక్కో వైపు ఒక్క పదార్థంలో మాత్రమే కనిపించే మూలకంతో. విడిగా ఉన్న ఆక్సిజన్, హైడ్రోజన్ లాంటివాటిని చివరికి ఉంచాలి, ఎందుకంటే వాటి గుణకం మార్చినా ఇంకే మూలకం లెక్కా చెడదు. వంట గ్యాస్‌లో ఉండే బ్యూటేన్‌నే తీసుకోండి: 4 కార్బన్, 10 హైడ్రోజన్. మండితే 4 కార్బన్ డయాక్సైడ్, 5 నీరు. కుడివైపు ఆక్సిజన్ పరమాణువులు 8కి 5 కలిపి 13. ఎడమవైపు ఆక్సిజన్ జంటగా ఉంటుంది కాబట్టి ఆరున్నర కావాలి. ఇక్కడే చాలామంది కంగారుపడి మొత్తం చెరిపేసి మళ్లీ మొదలుపెడతారు. అక్కర్లేదు. ఆరున్నర అనే రాసుకుని, అన్నింటినీ 2తో గుణించండి: 2 బ్యూటేన్ + 13 ఆక్సిజన్ → 8 కార్బన్ డయాక్సైడ్ + 10 నీరు. ఎడమన 26, కుడిన 16, 10 కలిసి 26.

సల్ఫేట్, నైట్రేట్ లాంటి సమూహం రెండు వైపులా చెక్కుచెదరకుండా ఉంటే దాన్ని విడగొట్టకుండా ఒకే ముద్దగా లెక్కపెట్టండి, సగం సమయం మిగులుతుంది. లెడ్ నైట్రేట్, పొటాషియం అయోడైడ్ కలిపితే పసుపు అవక్షేపం వచ్చే చర్యలో నైట్రేట్ అలాగే ఉంటుంది. గుణకాలు 1, 2, 1, 2. కానీ అదే లెడ్ నైట్రేట్‌ను వేడిచేస్తే నైట్రేట్ ముక్కలవుతుంది, గోధుమ రంగు పొగలు వస్తాయి. అక్కడ ముద్ద లెక్క పనిచేయదు: 2 లెడ్ నైట్రేట్ → 2 లెడ్ ఆక్సైడ్ + 4 నైట్రోజన్ డయాక్సైడ్ + 1 ఆక్సిజన్. ఆక్సిజన్ పరమాణువులు రెండు వైపులా పన్నెండేసి. ఈ రెండు చర్యలనూ ఒకే పేజీలో పక్కపక్కన రాసుకుంటే ఎప్పటికీ మరచిపోరు.

అయాన్ల సమీకరణమైతే ఆవేశాలు కూడా సమానం కావాలి. అల్యూమినియం, రెండు ధనావేశాల కాపర్ అయాన్ కలిసి మూడు ధనావేశాల అల్యూమినియం అయాన్, కాపర్ ఇస్తాయి. పరమాణువులు ఒకటికి ఒకటి సరిపోతాయి, ఆవేశం సరిపోదు. 2 అల్యూమినియం, 3 కాపర్ అయాన్లు తీసుకుంటేనే రెండు వైపులా ఆరేసి ధనావేశాలు వస్తాయి.

ఇక చర్యల రకాలు. రెండు కలిసి ఒకటైతే సంయోగం, ఒకటి విడిపోతే వియోగం, ఒకదాన్ని తోసేసి ఇంకొకటి కూర్చుంటే స్థానభ్రంశం, జతలు మారితే ద్వంద్వ వియోగం. ఇంతవరకు అందరికీ వచ్చు. పరీక్ష పెట్టేవాళ్లు అడిగేది వీటి అంచుల దగ్గర. పొడి సున్నానికి (కాల్షియం ఆక్సైడ్‌కు) నీళ్లు కలిపితే సంయోగం, బాగా వేడి పుడుతుంది. గోడకు వేసిన ఆ సున్నం గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌తో చర్య జరిపి కాల్షియం కార్బొనేట్ పొరగా మారడం మాత్రం సంయోగం కాదు, నీరు కూడా విడుదలవుతుంది కాబట్టి. రెండూ సున్నం గురించే కదా అని ఒకే గాటన కట్టేస్తే మార్కు పోతుంది. బసంత్‌నగర్ సిమెంట్ బట్టీలో సున్నపురాయి విడిపోవడం ఉష్ణ వియోగం: 100 గ్రాములకు 56 గ్రాముల పొడి సున్నం, 44 గ్రాముల కార్బన్ డయాక్సైడ్. ద్రవ్యనిత్యత్వ నియమం మీద ప్రశ్నకు ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకదు.

రామగుండం ఎరువుల కర్మాగారంలో యూరియా తయారయ్యే చర్యను కూడా చూడండి. 2 అమ్మోనియా, 1 కార్బన్ డయాక్సైడ్ కలిసి మొదట అమ్మోనియం కార్బమేట్ అవుతుంది. ఇది సంయోగం, ఉష్ణమోచకం (వేడి వెలువడుతుంది). అదే కార్బమేట్ యూరియాగా, నీరుగా విడిపోవడం వియోగం, ఉష్ణగ్రాహకం (వేడిని తీసుకుంటుంది). సంయోగమైతే వేడి రావాల్సిందేనని కూడా అనుకోవద్దు: నైట్రోజన్, ఆక్సిజన్ కలిసి నైట్రిక్ ఆక్సైడ్ కావడం ఉష్ణగ్రాహకమే.

రెడాక్స్‌ను (ఆక్సీకరణం, క్షయకరణం రెండూ కలిసి జరిగే చర్యను) ఐదో రకంగా విడిగా పెట్టుకోవడం పెద్ద పొరపాటు. అది మిగతా రకాల మీదుగా పోయే గీత. కాజీపేట లాంటి జంక్షన్లలో పట్టాలను అతికే థర్మిట్ చర్య (2 అల్యూమినియం + 1 ఫెర్రిక్ ఆక్సైడ్ → 2 ఇనుము + 1 అల్యూమినియం ఆక్సైడ్) స్థానభ్రంశమూ అవుతుంది, రెడాక్సూ అవుతుంది. ఆమ్లం, క్షారం తటస్థీకరణం మాత్రం రెడాక్స్ కాదు, ఏ మూలకం ఆక్సీకరణ సంఖ్యా మారదు.

మాంగనీస్ డయాక్సైడ్, 4 హైడ్రోక్లోరిక్ ఆమ్లం కలిసి మాంగనీస్ క్లోరైడ్, 2 నీరు, 1 క్లోరిన్ ఇచ్చే చర్య మీద ప్రశ్నలో మాట మెలిక ఉంటుంది. 'ఆక్సీకరణం చెందింది ఏది' అంటే హైడ్రోక్లోరిక్ ఆమ్లం. 'ఆక్సీకరణి ఏది' అంటే మాంగనీస్ డయాక్సైడ్, అంటే తాను క్షయకరణం చెందినది. ఆప్షన్లు చూడకముందే ప్రశ్నలోని ఆ ఒక్క మాటను ప్రత్యేకంగా గమనించండి.