ర్యాంప్ దగ్గర దొరికిన గేర్‌బాక్స్ జబ్బు

మొదట కనిపెట్టింది మా అమ్మ. కారు గురించి ఆవిడకి తెలిసినవి రెండే: ఏసీ పెంచమనడం, ఏసీ తగ్గించమనడం. ఓ రోజు మియాపూర్ నుంచి కూకట్‌పల్లి వెళ్తుంటే వెనక సీట్లోంచి, "ఏరా, బ్రేకు అలా తొక్కుతావేంటి, తల ఊగిపోతోంది" అంది. నేను బ్రేకు జోలికే పోలేదు. కారే రెండో గేరు నుంచి మూడో గేరుకి వెళ్తూ, వెనక నుంచి ఎవరో మోకాలితో పొడిచినట్టు ఒక్క కుదుపు కుదిపింది.

మాది 2015 మోడల్ పెట్రోల్ కారు, ఆరు గేర్ల ఆటోమేటిక్. 2021లో సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. ఎడమ మోకాలికి ఆపరేషన్ అయ్యాక క్లచ్ తొక్కలేక ఆటోమేటిక్‌కి వచ్చినవాణ్ణి. కుదుపు మొదలయ్యేసరికి మీటర్ 92,000 కిలోమీటర్లు దాటింది.

ఎవరికి చెప్పినా ముందు వచ్చే మాట, "ఆటోమేటిక్ అంటే అంతే కదా, కొంచెం ఊగుతుంది". వాళ్ళు చెప్పేది ఏఎమ్‌టీ గురించి. 2014లో మారుతి సెలెరియో కారుతో మన దగ్గర మొదలైన రకం అది. మామూలు గేర్‌బాక్సే, క్లచ్ నొక్కే పని మన కాలికి బదులు యంత్రం చేస్తుంది కాబట్టి గేరు మారేటప్పుడు తల కాస్త ఊగుతుంది. నా కారులో ఉన్నది టార్క్ కన్వర్టర్. ఇంజిన్ బలం గేర్‌బాక్స్‌కి ఆయిల్ ద్వారా చేరుతుంది. లోపలి చిన్న చిన్న క్లచ్‌లను నొక్కి పట్టుకునేది కూడా ఆయిల్ ప్రెషరే. బాగున్న బండిలో గేరు ఎప్పుడు మారిందో మీటర్‌లో ముల్లు చూసి తెలుసుకోవాలి. అలాంటిది మా ఆవిడ రోజూ ఆఫీసు నుంచి వచ్చి, "ఏమండీ, ఇవాళ నాలుగుసార్లు తన్నింది" అని లెక్క చెప్పే దాకా వచ్చింది.

సర్వీస్ సెంటర్‌కి తీసుకెళ్ళాను. స్కానర్ పెట్టారు, లోపం ఉందని చెప్పే కోడ్ ఒక్కటి కూడా లేదు. కుర్రాడొకడు చల్లటి బండిని సర్వీస్ రోడ్డులో పది నిమిషాలు తిప్పి, "నార్మల్ సార్" అన్నాడు. రెండు వారాల తర్వాత మళ్ళీ వెళ్తే ఈసారి నార్మల్ కాదన్నారు. గేర్‌బాక్స్ లోపల ఆయిల్‌ని ఏ క్లచ్‌కి పంపాలో చూసే వాల్వ్ బాడీ మార్చాలట. ఎస్టిమేట్ 1,68,000. బండి అమ్మితే వచ్చేది నాలుగు లక్షలు! గేర్ ఆయిల్ ఒకసారి చూడండి అంటే, "ఇది లైఫ్‌టైమ్ ఆయిల్ సార్, మార్చేదే ఉండదు" అన్నారు. ఎవరి లైఫ్‌టైమో అడగాలనిపించింది గానీ ఊరుకున్నాను.

ఆ రాత్రి కారుతో వచ్చిన పుస్తకం తీసి చదివాను. మామూలు వాడకం అయితే గేర్ ఆయిల్ చూడక్కర్లేదని పైన రాసి ఉంది. కింద చిన్న అక్షరాల్లో ఇంకో పట్టిక. కఠిన పరిస్థితుల్లో వాడితే మార్చాలి. ఏవి కఠిన పరిస్థితులు? 32 డిగ్రీలు దాటిన ఎండలో రద్దీ ట్రాఫిక్. మార్చి నుంచి జూన్ దాకా జేఎన్‌టీయూ సిగ్నల్ దగ్గర అది కాని రోజు ఏది? గేర్‌బాక్స్‌లు తయారుచేసే జర్మన్ కంపెనీ జెడ్‌ఎఫ్ తన ఆటోమేటిక్‌లలో 80,000 నుంచి 1,20,000 కిలోమీటర్ల మధ్య, లేదా ఎనిమిదేళ్ళకి ఆయిల్ మార్చమంటుంది. నా గేర్‌బాక్స్ వాళ్ళది కాదు. అయినా ఇనుమూ ఆయిలూ ఎక్కడైనా ఒకటే కదా.

ఈలోగా మా వీధి చివరి మెకానిక్ దగ్గరికి వెళ్ళాను. బానెట్ ఎత్తి, నన్ను బ్రేకు తొక్కిపట్టి డీ (ముందుకి) నుంచి ఆర్ (రివర్స్)కి, ఆర్ నుంచి డీకి వేయమన్నాడు. ఇంజిన్ జానెడు ఎగిరింది. ఇంజిన్‌ని పట్టి ఉంచే మౌంట్ రబ్బరు చీలిపోయింది. 5,800 పెట్టి మార్పిస్తే రివర్స్ వేసినప్పుడు వచ్చే "ధడ్" పోయింది. అసలు కుదుపు మాత్రం అలాగే ఉంది.

అప్పుడు ఒక పని చేశాను. పాల లెక్క రాసే చిన్న పుస్తకం ఒకటి డాష్‌బోర్డులో పడేశాను. కుదిపినప్పుడల్లా ఆపుకున్నాక రాయడం. 1,100 పెట్టి ఓబీడీ ప్లగ్ కూడా ఒకటి కొన్నాను. స్టీరింగ్ కింద గుచ్చితే ఫోన్‌లో గేర్ ఆయిల్ వేడి ఎంతో చూపిస్తుంది. "సోమ, 8:40, సెల్లార్ ర్యాంప్, డీ వేశాక రెండు సెకన్లు ఆలస్యం, తర్వాత తన్ను, 31 డిగ్రీలు." "సోమ, 8:55, కుడి మలుపు, ఇంజిన్ గోల పెట్టింది, బండి కదల్లేదు, తర్వాత తన్ను." మూడు వారాల్లో 23 సార్లు రాస్తే అందులో 17 ర్యాంప్ దగ్గరో కుడి మలుపులోనో. నేను మాత్రం వేడి అంకెలే చూసుకుంటూ కూర్చున్నాను. ర్యాంప్ అన్న మాట కళ్ళ ముందే ఉన్నా బుర్రకి ఎక్కలేదు.

విజయవాడలో మా బావమరిది ఉన్నాడు. "బావా, ఎస్టిమేట్లు పక్కన పెట్టు, బండి ఆటోనగర్‌కి తీసుకురా" అన్నాడు. దారి పొడవునా బండి వెన్నలా పోయింది. పంతంగి టోల్ దగ్గర ఆగి కదిలినప్పుడు ఒక్క తన్ను, అంతే. సూర్యాపేటలో టీ తాగుతూ, జబ్బే లేదేమో అని కూడా అనుకున్నాను.

ఆటోనగర్ మేస్త్రికి అరవై దాటి ఉంటాయి. కళ్ళజోడు దారంతో మెడకి కట్టుకున్నాడు. స్కానర్ అడగలేదు, నా పాల పుస్తకం అడిగాడు. రెండు పేజీలు చదివి, "ర్యాంప్ ఎక్కేటప్పుడా దిగేటప్పుడా?" అన్నాడు. ఎక్కేటప్పుడే అన్నాను.

"బండి ముక్కు పైకి లేస్తే ఆయిల్ వెనక్కి పోద్ది సార్. మలుపులో పక్కకి పోద్ది. నిండుగా ఉంటే ఏం కాదు. తక్కువుంటే పంపు గాలి పీల్చుద్ది. గాలికి ప్రెషర్ ఎక్కడిది?"

అంతే, అప్పుడు వెలిగింది. ఈ గేర్‌బాక్స్‌కి ఆయిల్ చూసే కర్ర ఉండదు. కాబట్టి ఎవరూ చూడరు.

"రాత్రికి బండి కింద అట్ట పరవండి, పొద్దున్నే రండి" అన్నాడు. అత్తగారింట్లో టీవీ డబ్బా అట్ట చింపి పరిచాను. తెల్లారేసరికి కుడి చక్రం వైపు రూపాయి బిళ్ళంత మచ్చలు రెండు. మా అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ ఆర్నెల్ల కిందే "సార్, మీ బండి కింద తడి" అన్నాడు. ఏసీ నీళ్ళన్నాను. ఈ మేస్త్రి టార్చ్ వేసి చూపిస్తే కుడి చక్రాన్ని తిప్పే డ్రైవ్ షాఫ్ట్ గేర్‌బాక్స్‌లోకి దూరే చోట దుమ్ము ముద్దలా పట్టి ఉంది. రెండేళ్ళ కింద ఆ షాఫ్ట్ రబ్బరు బూట్ చిరిగితే విప్పి బిగించారు. అప్పుడే ఆయిల్ సీల్ అంచుకి గాటు పడి ఉంటుందని ఆయన లెక్క. కారిన ఆయిల్ చాలావరకు కింది ప్లాస్టిక్ కవర్ మీదే నిలిచిపోయేదట.

డ్రెయిన్ బోల్టు విప్పి గీతలున్న జగ్గులో పట్టాడు. 3.5 లీటర్ల దాకా రావలసింది 2.6 వచ్చింది. కొత్త ఆయిల్ దానిమ్మ రసంలా ఉంటుంది. ఇది ఫిల్టర్ కాఫీ డికాక్షన్. మాడు వాసన కూడా. ఆ తర్వాత గేర్‌బాక్స్ అడుగున ఉండే ప్యాన్ విప్పి లోపలి అయస్కాంతాల మీద పేరుకున్న బూడిదరంగు ముద్ద వేలితో తీశాడు. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నలుపుతూ బల్బు కింద పట్టుకున్నాడు. నేను ఊపిరి బిగబట్టి చూస్తున్నాను. "మెత్తగా ఉంది, మైనంలాగ. అరుగుదలే. ఇనుప ముక్కలు వేలికి గుచ్చుకునుంటే మీ లక్షా అరవై ఎనిమిది వేలు నిజమయ్యేవి."

మెషీన్ పెట్టి మొత్తం ఫ్లష్ చేయమని మా బావమరిది అడిగాడు. ఆయన ఒప్పుకోలేదు. పాత బండికి బోల్టు విప్పితే పడినంత తీసి, అంత పోయడమే తన పద్ధతి అన్నాడు. ఎలాగూ చాలా ఆయిల్ కన్వర్టర్‌లోనూ లోపలి దారుల్లోనూ ఉండిపోతుంది. 1,500 కిలోమీటర్లు తిరిగాక ఇంకోసారి చేయించుకోమన్నాడు. ఆయిల్ మాత్రం కారు పుస్తకంలో రాసిన రకమే తెప్పించాడు.

పోయడం కన్నా కొలత చూడటానికే ఎక్కువసేపు పట్టింది. బండి లిఫ్ట్ మీద సమంగా ఉండాలి, ఇంజిన్ నడుస్తూ ఉండాలి. పీ, ఆర్, ఎన్, డీ ఒక్కోదానిలో కొన్ని సెకన్లు ఆపాలి. నా ఫోన్‌లో ఆయిల్ వేడి 40 డిగ్రీలు చూపించగానే, ఎక్కువైన ఆయిల్ కారిపోయే లెవెల్ బోల్టు తీశాడు. సన్నటి ధార వచ్చి, చుక్కలకి మారింది. వెంటనే బిగించేశాడు. ఆయిల్, సీల్, ఫిల్టర్, కూలీ కలిపి 11,000 అయింది.

చివర్లో స్కానర్‌తో గేర్‌బాక్స్ నేర్చుకున్న పాత అలవాట్లు చెరిపేసి, "మొదటి యాభై కిలోమీటర్లు ఇంకా తన్నుద్ది, కంగారుపడొద్దు" అన్నాడు. చెప్పినా కంగారు పడ్డాను. బెంజ్ సర్కిల్ దాటేలోపు మూడుసార్లు కుదిపితే టెన్షన్‌తో ఆయనకి ఫోన్ చేశాను. "నెమ్మదిగా తొక్కండి, నెమ్మదిగా ఆపండి, అదే నేర్చుకుంటది" అని పెట్టేశాడు. నందిగామ దాటాక ఎప్పుడు తగ్గిందో కూడా తెలియలేదు.

రెండో మార్పు హైదరాబాద్‌లోనే చేయించాను. ఆ షాపు కుర్రాడు ఊరంతా తిరిగొచ్చిన బండికి నేరుగా లెవెల్ బోల్టు తీయబోయాడు. ఫోన్ చూపించాను, 86 డిగ్రీలు. వేడికి ఆయిల్ ఉబ్బి ఉంటుంది, ఇప్పుడు తీస్తే ఉండాల్సింది కూడా కారిపోతుంది. చల్లారే దాకా గంటన్నర అక్కడే కూర్చున్నాను. కుర్రాడు విసుక్కున్నాడు. విసుక్కోనీ.

ఇప్పుడు ర్యాంప్ మీద డీ వేస్తే అలా అందుకుంటుంది. డిసెంబర్ చలిలో పొద్దున్నే ఒకటి నుంచి రెండుకి మారేటప్పుడు చిన్నగా తట్టినట్టు ఉంటుంది, దాని జోలికి వెళ్ళలేదు. సెల్లార్‌లో బండి కింద అట్ట మాత్రం తీయలేదు. వాచ్‌మన్ చెత్త అనుకుని రెండుసార్లు పారేశాడు. నిన్న ఇంకో పార్సిల్ డబ్బా చింపి పరిచాను.