ఉక్కు క్యామ్‌షాఫ్ట్‌కు ఏ డిస్ట్రిబ్యూటర్ గేరు వేయాలి? – నా అనుభవం

మా మామయ్య దగ్గర 1965 నాటి షెవ్రోలే ఇంపాలా ఉంది. ఒంగోలు పొగాకు వ్యాపారంలో నాలుగు డబ్బులు కళ్లజూసిన రోజుల్లో కొన్నాడు. మొన్నామధ్య దాని 283 క్యూబిక్ అంగుళాల వి-8 ఇంజను విప్పితే వాల్వులను తెరిచే క్యామ్‌షాఫ్ట్ గుబ్బలు కొన్ని అరిగి గుండ్రమైపోయి కనిపించాయి. ఆ గుబ్బల మీద రాసుకుంటూ వాల్వులను కదిపే పాత రకం చదును టాపెట్లు అరగకుండా ఉండాలంటే ఆయిల్లో జింకు, ఫాస్ఫరస్ దండిగా ఉండాలి. ఇప్పటి పెట్రోలు కార్ల ఆయిళ్లలో వాటిని తగ్గించేశారు. ఆ బెడదే వద్దని టెక్సస్‌లో ఉన్న మా బావ కొసన చక్రం ఉండే రోలర్ టాపెట్లతో సహా కొత్త క్యామ్‌షాఫ్ట్ పంపించాడు. పెట్టెలోని కార్డు మీద 'బిల్లెట్ స్టీల్' (కడ్డీ నుంచి కోసిన ఉక్కు) అని చూశాక నాకు అసలు పని మొదలైంది.

మెకానిక్ అప్పటికే, సిలిండర్లకు స్పార్కు పంచే పాత డిస్ట్రిబ్యూటర్‌ను తుడిచి పక్కన పెట్టుకున్నాడు. "ఇన్నేళ్లు నడిచిన గేరే కదా సార్, మళ్లీ చూసేదేముంది?" అన్నాడు.

చూసేది ఉంది. డిస్ట్రిబ్యూటర్ అడుగున ఉండే ఏటవాలు పళ్ల గేరు, క్యామ్‌షాఫ్ట్ వెనుక కొసన ఉన్న గేరుతో కలుస్తుంది. రెండు షాఫ్టులూ ఒకదానికొకటి అడ్డంగా ఉంటాయి కాబట్టి పళ్లు ఒకదాని మీద ఒకటి జారుతూ రాసుకుంటాయి. స్పార్కును పంచడంతో దాని పని తీరిపోదు, కింద ఆయిల్ పంపును తిప్పేదీ అదే. అసలు భారమంతా పంపుదే. పోత ఇనుప క్యామ్‌కు పోత ఇనుప గేరు చక్కగా సర్దుకుపోతుంది. గట్టిపరిచిన ఉక్కు క్యామ్‌కు అదే గేరు తగిలిస్తే పళ్లు అరిగి అంచులు పదునెక్కుతాయి, స్పార్కు టైమింగు నిలకడ తప్పుతుంది, ఇనుప పొడి ఆయిల్లో కలిసి తిరుగుతుంది.

ఉక్కు క్యామ్‌లలో కొన్నింటికి గేరు భాగం వరకు విడిగా పోత ఇనుముతో చేసి బిగిస్తారు. అలాంటిదైతే పాత గేరే చాలు. బావ చేత తయారీదారును అడిగిస్తే, మాది మొత్తం ఒకే ఉక్కు కడ్డీ నుంచి కోసినదని తేలింది. బ్రాంజ్ (కంచు) గేరు గాని, కాంపోజిట్ (నారలు కలిపిన ప్లాస్టిక్ లాంటి) గేరు గాని వేయమన్నారు. 1987 నుంచి షెవ్రోలే కంపెనీయే రోలర్ క్యామ్‌తో ఇచ్చిన ఇంజన్లలో ఉపరితలాన్ని నైట్రైడింగ్ చేసిన (నత్రజనితో గట్టిపరిచిన) గేర్లు వాడారు. అవి కూడా ఉక్కు క్యామ్‌తో నడుస్తాయి. కానీ మా క్యామ్ చేసినవాళ్లు వాటి మాట ఎత్తలేదు కాబట్టి నేనూ ఎత్తలేదు.

ఈలోగా మామయ్య నన్ను లేత్ షాపుకు పంపాడు. చీమకుర్తి గ్రానైటు ఫ్యాక్టరీల గేర్‌బాక్సులు బాగుచేసే పెద్దాయన షాపు అది. "ఇ.ఎన్.24 ఉక్కుతో కోసి గట్టిపరిచి ఇస్తా అబ్బాయ్, నీ జన్మలో అరగదు" అన్నాడు.

"అది అరగకపోతే క్యామ్ అరుగుతుంది బాబాయ్."

ఆయన మాట్లాడకుండా వంగి బల్ల కింద నుంచి ఒక వర్మ్ చక్రం (మర లాంటి వర్మ్ తిప్పే గేరు) తీశాడు. కంచుది, పసుపు పచ్చగా ఉంది, పళ్లన్నీ ఒకే పక్కకు అరిగి ఉన్నాయి. దాన్ని తిప్పే ఉక్కు వర్మ్ మాత్రం నిగనిగలాడుతోంది. "చక్రం మారుస్తాం, వర్మ్ జోలికి పోం. అదేగా నువ్వు చెప్పేది?" అన్నాడు. అదే. కొత్త క్యామ్ ఖరీదు ముందు గేరు ఖరీదు ఏపాటిది? ఆయన వెంటనే గన్‌మెటల్ (ఇంకో రకం కంచు) పోత పోయిస్తానన్నాడు. ఈ గేర్లకు వాడేది అల్యూమినియం బ్రాంజ్. తుక్కు కరిగించి పోసిన దానిలో ఏముందో ఎవరు చెబుతారు? వద్దన్నాను. కాస్త నొచ్చుకున్నాడు.

బ్రాంజ్ గేరు ఆర్డరు చేసే ముందు డిస్ట్రిబ్యూటర్ షాఫ్టును మైక్రోమీటరుతో కొలిచాం. 12.47 మిల్లీమీటర్లు, అంటే 0.491 అంగుళాలు. బయటి కంపెనీల డిస్ట్రిబ్యూటర్లకు ఎక్కువగా అర అంగుళం షాఫ్టు వస్తుంది. పావు మిల్లీమీటరు కూడా లేని ఈ తేడా చూసుకోకపోతే అమెరికా నుంచి వచ్చిన గేరు బల్ల మీద అలంకారంగా ఉండిపోతుంది.

గేరుకు 13 పళ్లు. బేసి సంఖ్య కావడంతో, సగం చుట్టు తిప్పి, గేరును షాఫ్టుకు బిగించే పిన్ను కొడితే పన్ను ఉండాల్సిన చోట సందు వస్తుంది. గేరు మీది చిన్న గుంట, షాఫ్టు పైన తిరిగే రోటర్ కొస వైపే ఉండాలి. కొత్త గేరుకు రంధ్రం ఒక వైపే ఉంది. రెండో వైపు పెద్దాయనే తొలిచి ఇచ్చాడు, ఈసారి డబ్బు తీసుకోలేదు.

ఎక్కువ సమయం తీసుకుంది మాత్రం క్యామ్ కదలిక. చదును టాపెట్ల క్యామ్ గుబ్బలకు స్వల్పంగా వాలు ఉంటుంది. అది క్యామ్‌ను ఎప్పుడూ వెనక్కి నెట్టి ఉంచుతుంది. రోలర్ క్యామ్‌కు ఆ వాలు లేదు, మా పాత బ్లాకులో క్యామ్‌ను పట్టి ఉంచే ప్లేటూ లేదు. క్యామ్ ముందుకూ వెనక్కూ ఊగితే ఏటవాలు పళ్ల వల్ల డిస్ట్రిబ్యూటర్ కూడా అటూ ఇటూ తిరుగుతుంది. అప్పుడు టైమింగు నిలవదు, ఎంత మంచి లోహపు గేరైనా త్వరగా పోతుంది. అందుకే క్యామ్ ముందు కొసకూ టైమింగ్ కవరుకూ మధ్య బటన్ (చిన్న అడ్డు ముక్క) పెట్టి ఆ సందును సరిచేశాం. తర్వాత పళ్లకు ప్రష్యన్ బ్లూ (నీలి రంగు) పూసి ఇంజనును చేత్తో తిప్పితే, పళ్లు తగిలిన మచ్చ పన్ను నడుమనే పడింది.

మెకానిక్ ఎక్కువ ఆయిల్ తోడే పంపు వేద్దామన్నాడు. ఆ భారం పడేది గేరు మీదే కాబట్టి మామూలు పంపే ఉంచాను.

మొదటిసారి ఆయిల్ మార్చినప్పుడు ఫిల్టర్ కోసి చూస్తే కాగితం మడతల్లో సన్నటి బంగారు రంగు మెరుపు కనిపించింది. కొత్త బ్రాంజ్ గేరు ఆ మాత్రం పొడి రాలుస్తుంది. డిస్ట్రిబ్యూటర్ పైకి తీసి చూస్తే పళ్లు నిండుగానే ఉన్నాయి. ఆయిల్ మార్చిన ప్రతిసారీ ఇలా చూడక తప్పదు. తీసే ముందు రోటర్ ఎటు ఉందో గీత గీసుకోవాలి.

ఈసారి కాంపోజిట్ పంపిస్తానంటున్నాడు బావ. అది ఏ క్యామ్‌తోనైనా నడుస్తుంది, ధర మాత్రం బాగా ఎక్కువ. నాకు ధర కంటే మెకానిక్ చేతిలోని సుత్తి అంటేనే భయం. ఆ గేరును కొట్టి ఎక్కించకూడదు.