గాజు మామిడాకుకు కొన నిలిచేదాకా: నా అనుభవం

నేను అమెరికాలోని ఆరెగాన్ రాష్ట్రంలో, పోర్ట్‌ల్యాండ్‌ను ఆనుకుని ఉన్న బీవర్టన్‌లో ఉంటాను. ఉగాదికి ముందు ఇక్కడి ఇండియన్ దుకాణాల్లో మామిడాకులు ప్యాకెట్లలో దొరుకుతాయి గాని, తోరణం కట్టిన రెండు మూడు రోజులకే అవి ముడుచుకుపోతాయి. గుమ్మానికి ఏడాది పొడుగునా ఉండేలా పదకొండు గాజు ఆకులను పోతపోయాలన్న కోరిక అలా పుట్టింది. 1974లో మొదలైన బుల్స్‌ఐ గాజు కర్మాగారం పోర్ట్‌ల్యాండ్‌లోనే ఉండడం వల్ల, కిల్న్‌లో, అంటే గాజునూ మట్టినీ కాల్చే మూత ఉన్న కొలిమిలో, కరిగించడానికి తగిన గాజు మాకు దగ్గరలోనే దొరుకుతుంది. కిల్న్ మాత్రం నాది కాదు. మట్టిపని నేర్చుకుంటున్న స్టూడియోలోని చిన్న ఎలక్ట్రిక్ కిల్న్‌ను అద్దెకు తీసుకున్నాను.

రేణిగుంట దగ్గరి పాపానాయుడుపేటలో గాజుపూసలు చేసే పనిని చిన్నప్పుడు చూశాను. అక్కడ కరిగిన గాజును కొలిమి నుంచి సన్నని గొట్టంలా సాగదీసి, చల్లారాక పూసలుగా తుంచుతారు. నేను చేయబూనిన పనిలో గాజును చేతితో సాగదీయడం ఉండదు. చల్లని గాజు రవ్వను మట్టి అచ్చులో పోసి, అచ్చుతో సహా కిల్న్‌లో పెట్టి మూత వేస్తే, లోపల జరిగేది మర్నాటిదాకా కంటికి కనబడదు.

అచ్చును తెల్లమట్టితో నేనే చేసుకున్నాను. రెండు సెంటీమీటర్ల మందం ఉన్న పలకలో మూడు ఆకుల గుంతలను చెక్కి, పచ్చిగా ఉండగానే అడుగున నిజమైన మామిడాకు వెనుకవైపును అదిమితే ఈనెలు చక్కగా పడ్డాయి. గుంత గోడలు పైకి వచ్చేకొద్దీ బయటికి వాలి ఉండాలి; లోపలికి వంగి ఉంటే గాజు గట్టిపడ్డాక బయటికి రాదు. చల్లారేటప్పుడు కాలిన మట్టికన్నా గాజు ఎక్కువ కుదించుకుంటుంది కాబట్టి, గుంతలోని గాజు గోడలను వదిలి తనంతట తానే విడివడుతుంది. మట్టి అచ్చు లోపల పోత పోయడానికి వీలు కల్పించేది ఈ గుణమే. అచ్చును రెండు వారాలు నెమ్మదిగా ఆరబెట్టి, ఒకసారి కాల్చి, గాజు మట్టికి అంటుకోకుండా కిల్న్ వాష్ అనే తెల్లని పూతను పాలలా పలుచగా కలిపి అయిదు సార్లు పూశాను.

గాజు రవ్వను ఇక్కడ ఫ్రిట్ అంటారు. పిండిలాంటిది మొదలుకొని పటికబెల్లం పలుకులంతటి వరకు పలు సైజుల్లో వస్తుంది. నేను బొంబాయి రవ్వంత ఉన్నదాన్ని ఎంచుకుని, ఎన్95 మాస్క్ పెట్టుకుని, గుంతల అంచు దాకా నింపి చదును చేశాను. మర్నాడు మూత తీస్తే ఆకులు సగం మందానికి దిగి ఉన్నాయి. రవ్వ గింజల మధ్య ఉన్న గాలి పోతే అంతే మిగులుతుందని అప్పుడు తెలిసింది. అంతకంటే బాధపెట్టినది కొనలు లేకపోవడం. సన్నగా సాగి ముగియవలసిన మామిడాకు బొటనవేలిలా గుండ్రంగా ముగిసింది.

వేడి చాలలేదని నేను పొరబడ్డాను. రెండోసారి 805 డిగ్రీల సెల్సియస్ బదులు 830కి తీసుకువెళితే కొనలు మరింత వెనక్కి పోయాయి. పైగా గోడలకు అంటుకున్న రవ్వ అంచుల్లో ముళ్లలా నిలిచిపోయింది. స్టూడియోలో ఎన్నో ఏళ్లుగా గాజుపని చేస్తున్న ఒక పెద్దావిడ ఆకును చేతిలోకి తీసుకుని, కొన దగ్గర గుంత లోతు ఎంత అని అడిగారు. కొలిచి చూస్తే మూడు మిల్లీమీటర్లు. నిజమైన ఆకులాగే ఉండాలని కొన వైపు పలుచగా చెక్కింది నేనే. బాగా కరిగిన గాజు తలతన్యత వల్ల సుమారు ఆరు మిల్లీమీటర్ల మందానికి చేరాలని చూస్తుంది. అంతకంటే పలుచగా ఉన్నచోట నిలవకుండా మందమైన భాగం వైపు లాక్కుపోతుంది. నేను వేడి పెంచినకొద్దీ ఆ కదలికకు ఇంకా వీలిచ్చానన్నమాట.

అందుకని కొత్త అచ్చులో మొదలు నుంచి కొన దాకా ఎనిమిది మిల్లీమీటర్ల లోతు ఉంచాను. అంచనాను నమ్మకుండా గుంతలో పలుచని ప్లాస్టిక్ పొర పరిచి, నీళ్లు పోసి తూచాను. నీళ్లు పది గ్రాములు పట్టాయి. గాజు నీటికన్నా రెండున్నర రెట్లు బరువు కాబట్టి ఆకుకు 25 గ్రాముల రవ్వ కావాలి. ఆ రవ్వ గుంతలో పట్టక మధ్యలో కుప్పగా నిలిచింది. అంచులను చిన్న కుంచెతో తుడిచి, కొనలో వేలితో అదిమి నింపాను. ఈనెల్లో మాత్రం ముందుగా లేత పసుపు గాజు పొడిని చల్లాను.

గంటకు 110 డిగ్రీల చొప్పున 660కి చేర్చి, గాలి బుడగలు పోవడానికి అరగంట ఉంచి, ఆ తర్వాత 805 దగ్గర పదిహేను నిమిషాలు నిలిపాను. అక్కడి నుంచి 482కు దించి గంటసేపు అదే వేడిలో ఉంచడాన్ని అనీలింగ్ అంటారు. గాజు లోపలి ఒత్తిడులు సడలేది అప్పుడే. తర్వాత 370 దాకా గంటకు 50 డిగ్రీల చొప్పున దింపి కిల్న్ ఆపేశాను. ఆత్రం ఆపుకోలేక 180 దగ్గర మూత ఎత్తితే టింగుమన్న చప్పుడుతో ఒక ఆకు నిలువునా పగిలింది. మిగిలిన రెండింటికీ కొనలు పూర్తిగా వచ్చాయి. వాటిని చూసి నాకు కన్నీళ్లు వచ్చాయి.

ఒక విడతలో ఆకుపచ్చ బాగా కుదరాలని నీలి ఆకుపచ్చ గాజు కలిపితే, దానిలోని రాగికీ పసుపు గాజులోని గంధకానికీ పొసగక ఈనెల వెంట గోధుమరంగు గీత పడింది. పండబారుతున్న ఆకులా ఉందని దాన్ని తీసివేయలేదు. ప్రతి విడతకూ ముందు పాత పూతను గీకి మళ్లీ పూశాను. ఒకసారి ఆ పని దాటవేస్తే ఈనెల దగ్గర గాజు మట్టిని పట్టేసి, విడదీసేటప్పుడు విరిగింది.

ఆకులన్నిటి అంచులనూ నీళ్లలో తడుపుతూ డైమండ్ ప్యాడ్‌తో రుద్దాను. తొడిమ దగ్గర రంధ్రాలను కూడా నీళ్లలో ఉంచే డైమండ్ బిట్‌తో వేశాను. పదకొండు ఆకులు పూర్తి కావడానికి ఆరు విడతలు పట్టాయి. గోధుమరంగు ఈనెల ఆకు తోరణం మధ్యలో ఉంది.