ర్యాంకు పక్కన పెట్టి ఎనిమిది మందిని ఎంచాల్సి వస్తే – నా అనుభవం

హైదరాబాద్‌లో ఒక చిన్న ట్రస్టు ఏటా ఎనిమిది మంది కొత్త ఎంబీబీఎస్ విద్యార్థులకు హాస్టల్, పుస్తకాల ఖర్చు ఇస్తుంది. ఎంపిక పద్ధతి రాసిపెట్టే పని నాకు వచ్చింది. ఆదాయ ధ్రువపత్రాలు సరిచూశాక 24 మంది మిగిలారు. అందరికీ సీటు ఉంది, అందరికీ అవసరమూ ఉంది.

ర్యాంకు వరసలో ఇచ్చేస్తే సరిపోదా అని చాలామంది అడిగారు. నీట్‌లో 180 ప్రశ్నలు, 720 మార్కులు. సరైన జవాబుకు 4, తప్పుకు మైనస్ 1. ఒక్క బబుల్ తప్పితే 5 మార్కుల తేడా. 20 లక్షల మందికి పైగా రాసే పరీక్షలో ఆ ఐదు మార్కులకే ర్యాంకు వేలల్లో జారుతుంది. సీటు తెచ్చుకున్నవాళ్లు చదవగలరని ఆ పరీక్ష ముందే తేల్చింది కాబట్టి, ర్యాంకును మళ్లీ లెక్కలో కలపలేదు.

సిఫారసు ఉత్తరాలు, 'నేను డాక్టర్ ఎందుకు కావాలనుకుంటున్నాను' వ్యాసాలు మొదటే తీసేశాం. ఉత్తరంలో అందరూ మంచివాళ్లే, వ్యాసం ఎవరు రాశారో తెలియదు. ముగ్గురు పెద్దలు కూర్చుని చేసే అరగంట ఇంటర్వ్యూ కూడా వద్దనుకున్నాం. గదిలోకి వచ్చిన మొదటి రెండు నిమిషాల్లో పడిన ముద్రే మార్కులన్నింటినీ లాగేస్తుంది. పైగా డొనేషన్ సీట్ల వ్యవహారాలు చూసిన మనవాళ్లకు ఇంటర్వ్యూ అంటేనే అనుమానం. ఆ అనుమానం న్యాయమైనదే. దానికి జవాబు కాగితం మీద కనబడాలి.

అందుకే మల్టిపుల్ మినీ ఇంటర్వ్యూ తీసుకున్నాం. కెనడాలోని మెక్‌మాస్టర్ విశ్వవిద్యాలయం వాళ్లు రూపొందించి 2004లో ప్రచురించిన పద్ధతి ఇది. వాళ్లది 10 గదులు, గదికి 8 నిమిషాలు. గదికో సమస్య, గదికో పరీక్షకుడు. ప్రతి విద్యార్థీ వరసగా అన్ని గదులూ తిరగాలి. ఒక గదిలో ఇద్దరు పరీక్షకులను పెట్టడం కన్నా, ఆ రెండో మనిషితో ఇంకో గది తెరవడం మేలని అప్పుడే తేలింది. మాకు ఆరుగురే దొరికారు కాబట్టి ఆరు గదులు: ఇద్దరు డాక్టర్లు, ఒక నర్సు, ఒక సోషల్ వర్కర్, ఒక స్కూలు టీచరు, దీర్ఘకాలం రోగిని చూసుకున్న ఒక గృహిణి. గదిలో 7 నిమిషాలు, మార్కులు వేయడానికి, తర్వాతి కార్డు చదవడానికి 2 నిమిషాలు. ఆరు గదులకు 54 నిమిషాలు. ఆరుగురు చొప్పున నాలుగు విడతలు, మధ్యలో పావుగంట విరామం. పొద్దున తొమ్మిదింటికి మొదలుపెడితే ఒంటిగంటన్నర లోపు అయిపోయింది.

ఇంకో ఆరుగురిని వెతికి, అవే సమస్యలతో రెండు వరసల గదులు పెడితే సగం సమయంలో ముగుస్తుందని ఒకరన్నారు. ఒప్పుకోలేదు. మార్కుల్లో పిసినారి పరీక్షకుడు ఉంటే అందరికీ ఆయనే తగలాలి, కొందరికే తగిలితే అది వాళ్ల దురదృష్టం అవుతుంది.

అసలు శ్రమంతా ప్రశ్నల్లోనే. మొదటి ముసాయిదాలో 'మీరు చేసిన సేవా కార్యక్రమం చెప్పండి' అని ఉంది. మేనమామ డాక్టరైతే ఆస్పత్రిలో నెల రోజులు తిరిగిన కథ ఉంటుంది. సాయంత్రాలు కిరాణా కొట్లో కూర్చున్న పిల్లకు ఏముంటుంది? దాన్ని 'ఇంట్లో మీ మీద పడిన ఒక బాధ్యత, అందులో మీరు చేసిన పొరపాటు, ఆ తర్వాత మార్చుకున్నది' అని మార్చాం. మంచం పట్టిన నానమ్మను చూసుకున్నవాళ్లు, తమ్ముడి ఫీజు కోసం ఆఫీసుల చుట్టూ తిరిగినవాళ్లు అప్పుడు మాట్లాడగలిగారు.

ఒక గదిలో ఇన్సులిన్ సూది వద్దంటున్న షుగర్ పేషెంటుతో మాట్లాడాలి. ఆ ఇన్సులిన్ గది గురించి వివరంగా చెప్పాలి. రిటైరైన ఒక స్టాఫ్ నర్సు పేషెంటు పాత్ర వేశారు. కార్డు మీద మొదట 'ఆమెను ఒప్పించండి' అని రాశాం. ముందురోజు ఇద్దరు హౌస్ సర్జన్లతో ట్రయల్ వేస్తే ఇద్దరూ వాదనకు దిగారు, ఏడు నిమిషాలూ ఉపన్యాసమే. కార్డు మార్చాం: 'డాక్టరు ఇన్సులిన్ రాశారు. ఈమె వద్దంటున్నారు. ఎందుకో తెలుసుకోండి. ఒప్పించాల్సిన పని లేదు. వైద్య పరిజ్ఞానం అవసరం లేదు.' ఆమె దగ్గర ఒక మాట దాచిపెట్టాం. అడిగితేనే చెప్పాలి: "మా ఆడబిడ్డకు సూది మొదలువెట్టినంక కాలు తీసేసిన్రు బిడ్డా." అది విన్న వెంటనే 'అది సూది వల్ల కాదమ్మా, షుగర్ వల్ల' అనేస్తే ఆ ఒక్క అంశంలో 5కి 3 మార్కులు. మాట నిజమే, కానీ ఆవిడ భయం అక్కడే ఉండిపోయింది. ఆగి, 'ఆమెకు అప్పటికే కాలికి పుండు ఉండెనా?' లాంటిదేదో అడిగి, ఆవిడ చెప్పింది పూర్తిగా విని, అప్పుడు వివరిస్తే 5. ఆ మాట బయటికే రాకపోతే 2. కసిరితే 1. ఈ మెట్లన్నీ ముందే రాసి ఉండాలి. రాయకపోతే 'బాగా మాట్లాడాడు' అన్నదే మార్కు అవుతుంది.

మిగతా గదుల్లో స్నేహితుడు ల్యాబ్ రికార్డు కాపీ కొట్టిన సంగతి, ఓపీ టోకెన్ల వరసలో ఎవరిని ముందు పంపాలన్న సమస్య, ఎదుటివాళ్ల చేతులు చూడకుండా కాగితం పడవ మడతలు చెప్పడం లాంటివి. పడవ చేయడం రానివాళ్లు ఉంటారని ట్రయల్‌లో తెలిసి, మడతల బొమ్మ కార్డు ఇచ్చాం.

మార్కుల పట్టికలో 'స్పష్టంగా మాట్లాడారు' అని ఒక గడి ఉండేది. ట్రయల్‌లో ఇంగ్లీషు ఒత్తిపలికిన హౌస్ సర్జన్‌కు అందులో అందరూ ఎక్కువ వేశారు. గడి తీసేసి, 'ఎదుటివారికి అర్థమైందో లేదో చూసుకున్నారా' అని పెట్టాం. కార్డులు తెలుగు, ఇంగ్లీషు, ఉర్దూల్లో ఉంచి, జవాబు ఏ భాషలో చెప్పినా సరేనని తలుపు మీదే రాశాం. పరీక్షకులకు నంబరు తప్ప పేరు ఇవ్వలేదు. మన దగ్గర ఇంటిపేరు చూస్తే చాలు, మిగతాది చదివేసుకుంటారు.

అయినా ఒక పరీక్షకుడు ఒక అమ్మాయిని గుర్తుపట్టారు, వాళ్ల కాలనీ పిల్లే. మనిషిని మార్చితే ఆ గది కొలత మారుతుంది. కాబట్టి ఆమెకు ఆ గది వదిలేసి, మిగతా ఐదింటి సగటే ఆరో గదికీ వేశాం. ఈ నియమం ముందే రాసి ఉండబట్టి గొడవ రాలేదు. ప్రశ్నలు బయటికి పోకుండా ఫోన్లు కవర్లలో పెట్టించి, లోపలికి ఒక తలుపు, బయటికి ఇంకో తలుపు వాడాం. ఎవరు ఏ విడతో చీటీలు తీసి నిర్ణయించాం.

గదికి 20, మొత్తం 120. ఏడుగురు స్పష్టంగా పైన నిలిచారు. ఎనిమిదో స్థానానికి ముగ్గురు ఉన్నారు, వాళ్ల మధ్య తేడా 2 మార్కులు. ఆరు గదుల కొలతకు 2 మార్కుల తేడా చూసే కన్ను లేదు, ఉన్నట్టు నటించడం అన్యాయం. 3 మార్కుల లోపు తేడా ఉంటే లాటరీ అని ముందే ప్రకటించాం, వాళ్ల ముందే తీశాం. నెదర్లాండ్స్ 1970ల నుంచి దశాబ్దాల పాటు వైద్య సీట్లకే మార్కులతో కలిపి లాటరీ నడిపింది, కాబట్టి ఇదేమీ వింత కాదు.

రానివాళ్లకు గదివారీగా మార్కులు, ఒక్కో వాక్యం వ్యాఖ్య పంపాం. వచ్చే ఏడాదికి ఇన్సులిన్ కథ మార్చాలి, ఈపాటికి అది నలుగురి నోళ్లలో పడి ఉంటుంది. దాచిన మాట ఉండే పద్ధతి మాత్రం అలాగే ఉంచుతాం.