విండోస్ ల్యాప్‌టాప్‌లో ఉబుంటు: డిస్క్ కోసే ముందు చూడాల్సినవి

కాలేజీ ల్యాబ్ కోసమో, ఆఫీసులో సర్వర్ పని కోసమో ఉబుంటు (లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌లో ఒక రకం) కావాలి. ఎవరిని అడిగినా ముందు వచ్చే సలహా "డ్యూయల్ బూట్ చేసెయ్" అని, అంటే ఒకే డిస్క్‌లో విండోస్, ఉబుంటు రెండూ పెట్టి, ఆన్ చేసినప్పుడు ఏది కావాలో ఎంచుకోవడం. చాలామందికి ఆ అవసరమే ఉండదు. తేల్చుకోవాల్సింది ఒక్కటే: మీ పని నేరుగా హార్డ్‌వేర్‌ని ముట్టుకుంటుందా, లేదా?

పైథాన్, సీ, గిట్, డాకర్, షెల్ స్క్రిప్టుల వరకే అయితే డబ్ల్యూఎస్ఎల్ 2 (విండోస్ లోపలే లినక్స్ నడిపే మైక్రోసాఫ్ట్ సదుపాయం) చాలు. పవర్‌షెల్‌ని (విండోస్ కమాండ్ విండో) అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచి ఒక్క కమాండ్ కొట్టి, రీస్టార్ట్ చేస్తే ఉబుంటు వచ్చేస్తుంది. ఎన్విడియా గ్రాఫిక్స్ కార్డు ఉంటే, దాని మీద లెక్కలు చేసే "కుడా" (CUDA) ప్రోగ్రాములూ నడుస్తాయి. డ్రైవర్ మాత్రం విండోస్‌లోనే వేయాలి. ఉబుంటు లోపల మళ్లీ డిస్‌ప్లే డ్రైవర్ వేస్తే నడుస్తున్నది కాస్తా ఆగిపోతుంది. "డబ్ల్యూఎస్ఎల్ స్లో" అనేవాళ్లలో ఎక్కువమంది ప్రాజెక్టును సీ డ్రైవ్‌లో ఉంచి, లినక్స్ వైపు నుంచి తెరుస్తుంటారు. చిన్న ఫైళ్లు వేలల్లో ఉన్న ప్రాజెక్టు అలా ఈడుస్తూనే ఉంటుంది. ఉబుంటు హోమ్ ఫోల్డర్‌లోకి కాపీ చేసుకుంటే తేడా వెంటనే తెలుస్తుంది. ఇంకోటి మెమరీ. ఏమీ చెప్పకపోతే మొత్తం ర్యామ్‌లో సగం దాకా వాడుకునే హక్కు డబ్ల్యూఎస్ఎల్‌కి ఉంటుంది. 8 జీబీ మెషీన్‌లో అది బ్రౌజర్‌ని నలిపేస్తుంది. విండోస్ యూజర్ ఫోల్డర్‌లో, చుక్కతో మొదలయ్యే డబ్ల్యూఎస్ఎల్‌కాన్ఫిగ్ ఫైల్‌లో 3 జీబీ పరిమితి రాసి పెట్టండి.

పూర్తి డెస్క్‌టాప్ కావాలి, పాడైనా ఫర్వాలేదు అనుకుంటే వర్చువల్‌బాక్స్, అంటే విండోస్‌లోనే ఒక విండోలో ఇంకో కంప్యూటర్‌ని నడిపే ప్రోగ్రాం. ఉబుంటుకు 4 జీబీ ర్యామ్, 2 కోర్లు, 25 జీబీ డిస్క్ ఇవ్వాలి కాబట్టి ల్యాప్‌టాప్‌లో 16 జీబీ ఉంటేనే హాయి. విండో కింద కుడి మూల ఆకుపచ్చ తాబేలు బొమ్మ కనిపిస్తోందా? అంటే విండోస్ వాళ్ల హైపర్-వీ (వర్చువల్ మెషీన్లు నడిపే విండోస్ సొంత భాగం) ముందే ప్రాసెసర్‌ని పట్టుకుని కూర్చుంది, వర్చువల్‌బాక్స్ దాని మీదుగా మెల్లగా నడుస్తోంది అని. విండోస్ సెక్యూరిటీ సెట్టింగ్స్‌లోని మెమరీ ఇంటెగ్రిటీ అనే రక్షణ కూడా దీనికి కారణం కావచ్చు. తాబేలును వదిలించుకోవడానికి ఆ రక్షణ తీసేయమని మాత్రం చెప్పను.

బయటి ఎస్ఎస్‌డీ మీద ఉబుంటు వేసుకునే దారిని జనం ఎందుకో పట్టించుకోరు. ర్యామ్ మొత్తం, గ్రాఫిక్స్ కార్డు మొత్తం దొరుకుతాయి, విండోస్ పార్టిషన్ (డిస్క్‌లో దాని భాగం) జోలికి వెళ్లక్కర్లేదు. పెన్‌డ్రైవ్ దీనికి పనికిరాదు, చిన్న చిన్న ఫైళ్లు రాయడానికే చతికిలబడుతుంది. యూఎస్‌బీ 3 పోర్టుకు పెట్టిన ఎస్ఎస్‌డీయే కావాలి. ఒక చిక్కుంది: ఉబుంటు ఇన్‌స్టాలర్ బూట్‌లోడర్‌ని (సిస్టమ్‌ని మొదలుపెట్టే చిన్న ప్రోగ్రాం, ఉబుంటులో దాని పేరు గ్రబ్) లోపలి డిస్క్‌లో బూట్ ఫైళ్లుండే ఈఎఫ్ఐ పార్టిషన్‌లో పెట్టేయగలదు. అప్పుడు ఎస్ఎస్‌డీ తీసేసి ఆన్ చేస్తే నల్ల తెర మీద గ్రబ్ ప్రాంప్ట్ వస్తుంది. ఇన్‌స్టాల్ చేసేంతసేపు బయోస్‌లో (ల్యాప్‌టాప్ ఆన్ అయ్యేటప్పుడు తెరిచే సెట్టింగ్స్) లోపలి డిస్క్‌ని ఆపేస్తే ఈ గొడవే రాదు. అందరి బయోస్‌లోనూ ఆ ఆప్షన్ ఉండదు, ముందే చూసుకోండి.

రోజంతా లినక్స్‌లోనే ఉండేవాళ్లకు డ్యూయల్ బూటే సరైనది. అయితే క్రమం తప్పకూడదు.

అన్నిటికన్నా ముందు ఎన్‌క్రిప్షన్, అంటే కీ లేకుండా చదవలేని విధంగా డిస్క్‌కి తాళం వేయడం. విండోస్ 11 24హెచ్2 వెర్షన్‌తో వచ్చిన ల్యాప్‌టాప్‌లలో, హోమ్ ఎడిషన్ అయినా, మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో లాగిన్ అయితే డిస్క్ ఎన్‌క్రిప్ట్ అయిపోయే ఉంటుంది. ఈ సంగతి చాలామందికి తెలియదు. బయోస్‌లో సెక్యూర్ బూట్ (నమ్మకమైన సిస్టమ్‌నే మొదలుకానిచ్చే రక్షణ) మార్చగానే 48 అంకెల రికవరీ కీ అడుగుతుంది. ఆ కీ మీ మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లో ఉంటుంది. ఏదీ కదపకముందే తీసి కాగితం మీద రాసుకోండి, డేటా బ్యాకప్ తీసుకోండి. కీ లేకపోతే ఫొటోలు, ప్రాజెక్టులు అన్నీ పోయినట్టే.

తర్వాత కంట్రోల్ ప్యానెల్ పవర్ ఆప్షన్స్‌లో ఫాస్ట్ స్టార్టప్ తీసేయాలి. అది ఉంటే షట్ డౌన్ కొట్టినా విండోస్ సగం నిద్రలోనే ఉంటుంది. ఆ స్థితిలో లినక్స్ నుంచి సీ డ్రైవ్ తెరిస్తే రీడ్-ఓన్లీగా వస్తుంది, లేదా అసలు తెరుచుకోదు. బలవంతంగా తెరిచి రాస్తే ఫైళ్లు చెడిపోతాయి.

ఇక చోటు. సీ డ్రైవ్‌ని విండోస్ డిస్క్ మేనేజ్‌మెంట్‌లోనే ష్రింక్ చేయండి. 200 జీబీ ఖాళీ ఉన్నా 20 జీబీయే ఇస్తానంటే, కదలని సిస్టమ్ ఫైళ్లు మధ్యలో అడ్డుపడ్డాయన్నమాట. హైబర్నేషన్, పేజ్ ఫైల్, రిస్టోర్ పాయింట్లు తాత్కాలికంగా తీసి మళ్లీ ప్రయత్నించండి. ఉబుంటుకు 80 జీబీ ఇస్తే ఇరుకు ఉండదు. ఇన్‌స్టాలర్‌కి డిస్కే కనిపించకపోతే బయోస్‌లో స్టోరేజ్ ఇంటెల్ ఆర్ఎస్‌టీ మోడ్‌లో (డిస్క్‌ని నడిపే ఇంటెల్ సొంత పద్ధతి) ఉందేమో చూడాలి. దాన్ని నేరుగా ఏహెచ్‌సీఐ అనే మామూలు పద్ధతికి మార్చారో, విండోస్ బూట్ కాదు. ముందు విండోస్‌ని సేఫ్ మోడ్‌కి సెట్ చేసి, రీస్టార్ట్‌లో బయోస్ మార్చి, ఒకసారి సేఫ్ మోడ్‌లోకి వచ్చాక మామూలు మోడ్‌కి తేవాలి.

వేశాక విండోస్ గడియారం ఐదున్నర గంటలు వెనక్కి పోతే కంగారు పడకండి. మదర్‌బోర్డు గడియారంలో లినక్స్ యూటీసీ (ప్రపంచ ప్రామాణిక సమయం) రాస్తుంది, విండోస్ దాన్ని మన స్థానిక సమయం అనుకుంటుంది. ఉబుంటులో టైమ్‌డేట్‌సీటీఎల్ కమాండ్‌తో స్థానిక సమయమే రాయమని చెబితే సరిపోతుంది.

విండోస్ అప్‌డేట్లతోనూ జాగ్రత్త. 2024 ఆగస్టు అప్‌డేట్ తర్వాత చాలా డ్యూయల్ బూట్ మెషీన్లలో లినక్స్ బూట్ కాకుండా "ఎస్‌బ్యాట్" (SBAT, పాత బూట్‌లోడర్లను సెక్యూర్ బూట్ అడ్డుకునే జాబితా) ఎర్రర్ వచ్చింది. సెక్యూర్ బూట్ కాసేపు ఆపి, లినక్స్‌లోకి వెళ్లి ఎస్‌బ్యాట్ పాలసీ తీసేసి, రీస్టార్ట్ చేసి మళ్లీ ఆన్ చేస్తే పని జరిగింది. ఇలాంటి రోజు కోసం ఉబుంటు ఇన్‌స్టాలర్ ఉన్న పెన్‌డ్రైవ్‌ని చెరిపేయకుండా ఉంచుకోండి.

ఎప్పుడైనా లినక్స్ వద్దనుకుంటే, ముందు బయోస్ బూట్ వరుసలో విండోస్ బూట్ మేనేజర్‌ని పైకి తెచ్చి, విండోస్ నేరుగా తెరుచుకుంటోందని చూసుకున్నాకే ఉబుంటు పార్టిషన్ తీసేయండి.